చీటీలు రాసింది నేనే

మా గదిలో నన్ను వెనకాల టపాకాయ అంటారు. ఆ సంగతి నాకు తెలుసు, నాకు తెలుసని వాళ్లకీ తెలుసు. ముక్కు మీద కోపం ఉన్న మనిషిని, దాచుకోవడం చేతకాదు. అయితే అరిచిన అరగంటకల్లా ఆ తిట్లు తిన్నవాళ్ల పక్కనే కూర్చుని టీ తాగుతాను. ఇన్నేళ్లుగా ఇదే నా పద్ధతి, ఎవరూ కాదనలేదు. పదిహేడేళ్ల ఉద్యోగంలో నేను గొంతు పెంచకుండా, మెత్తగా, మర్యాదగా మాట్లాడింది పది రోజులే. ఆ పది రోజుల్లో నేను చేసిన నష్టం మిగతా అరుపులన్నీ కలిపినా చేయలేదు.

మాది పెద్ద లాండ్రీ. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ల తువ్వాళ్లు, వంటవాళ్ల ఏప్రాన్లు రోజుకి వేలల్లో వస్తాయి. ఉతికేది ఒక హాలు, ఇస్త్రీ చేసేది ఇంకో హాలు. రెండింటి మధ్య, ఆవిరి గొట్టాల కింద, పొడుగాటి గది ఒకటుంది. దాన్ని చిరుగుల గది అంటారు. పద్నాలుగు కుట్టుమిషన్లు, గుడ్డలు పరిచి చూసే బల్ల ఒకటి, చేత్తో ఇస్త్రీ చేసే మూల ఒకటి. మొత్తం పదహారుమంది. వాళ్లకి నేను సూపర్‌వైజర్ని.

మా పనంతా చీటీల మీద నడుస్తుంది. ఉతికి వచ్చిన గుడ్డని దీపం పెట్టిన బల్ల మీద పరిచి చూస్తారు. ఎక్కడ చిరుగు కనపడితే అక్కడ పసుప్పచ్చ చీటీ ఒకటి పిన్నుతో గుచ్చుతారు. చీటీ మీద రెండు వరుసలు రాయాలి. పైన, ఏం చెడిందో. కింద, ఏం చేస్తే బాగవుతుందో: మాసిక వేయాలా, దారంతో అల్లితే చాలా, అంచు మడవాలా. చీటీ ఉన్న గుడ్డ బాగై వెళ్తుంది. ఎవరి కంటా పడకుండా, చీటీ లేకుండా దాటిపోయిన చిరుగు మాత్రం ఇస్త్రీ రోలర్ల మధ్య నిలువునా చీలిపోతుంది. ఆ గుడ్డ ఇక నేల తుడవడానికే. అందుకే కొత్తగా చేరిన ప్రతివాళ్లకీ మొదటిరోజే చెప్తాను: "తప్పు కనపడితే రాయండి. సిగ్గుపడకండి, జాలిపడకండి. రాసిందైతే బాగుచేసుకుంటాం. దాచినదాన్ని ఏం చేసుకుంటాం, నా తలకాయా?"

మేనేజరు గురించి చెప్పాలి. ఆవిడ పైనుంచి ఊడిపడిన మనిషి కాదు. ఆరేళ్లు నా పక్క మిషన్ మీద కుట్టింది. మాసిక అంచు లోపలికి మడవడం నేనే నేర్పాను. నాకన్నా చిన్నది, నేను చెల్లీ అనేదాన్ని, తను అక్కా అనేది. సాయంత్రం కాలేజీలో చదువుకుని, పరీక్షలు రాసి పైకెళ్లింది. ఆ రోజు గదంతా మిఠాయి పంచింది తను కాదు, నేను. మేనేజరు కుర్చీ ఎక్కాక నలుగురిలో నేనూ మేడమ్ అనేదాన్ని. గది తలుపు మూస్తే మళ్లీ అక్కాచెల్లెళ్లమే.

మూడో మిషన్ మీద కూర్చునేది మా వదిన. మా అన్నయ్య భార్య. నేను ఆవిడకి ఆడపడుచుని కాబట్టి ఆవిడా నన్ను వదినా అనే పిలుస్తుంది. రెండేళ్ల కిందట అన్నయ్య మెట్ల మీంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాడు. అప్పటినుంచి ఆ ఇల్లు నడిచేది వదిన జీతం మీదే. నేనే తీసుకొచ్చి ఇక్కడ చేర్పించాను. నోట్లో నాలుక లేని మనిషి. చేతిలో మాత్రం ఉంది చూడండి పనితనం! ఆవిడ అల్లిన చోటు కంటికి కనపడదు, వేలితో తడిమితేనే తెలుస్తుంది.

ఒకరోజు పొద్దున మేనేజరు పిలిచింది.

"అక్కా, సూపర్‌వైజర్లందరికీ ట్రైనింగ్ పెడుతున్నారు. రెండు రోజులు. జట్టుతో ఎలా మాట్లాడాలో చెప్తారట."

"నాకు మాట్లాడ్డం రాదని ఎవడన్నాడు?"

"నీకు మాట్లాడ్డం బ్రహ్మాండంగా వచ్చు. వినడమే రాదు," అని నవ్వింది.

నేనూ నవ్వాను. అందులో అబద్ధమేం లేదు మరి.

ట్రైనింగ్ ఇచ్చినాయన మెడలో కార్డు వేసుకుని, గోడ మీద ఎర్ర చుక్క తిప్పుతూ చెప్పాడు. ఎదురుగా కూర్చోకండి, పక్కన కూర్చోండి. ఫోను బోర్లా పెట్టండి. మధ్యలో అందుకోకండి. అవతలివాళ్లు చెప్పింది మీ మాటల్లో తిరిగి చెప్పండి. వాళ్లు ఆగిపోతే మీరూ ఆగండి, తొందరపడి ఆ ఖాళీ నింపకండి. నాకు మొదట ఒళ్లు మండింది. మాట్లాడుకోడానికి కూడా కొలతలా అనుకున్నాను. తర్వాత ఇద్దరిద్దరిని జంట కట్టి, మూడు నిమిషాలు అడ్డురాకుండా వినమన్నాడు. నా జంట లారీల సూపర్‌వైజరు. నలభై సెకన్లకే నేను నోరు పెట్టాను. హాలంతా గొల్లున నవ్వింది.

రెండోసారి పంతానికి పోయి పెదవి కొరుక్కుని కూర్చున్నాను. ఆయన ఏదేదో చెప్పి, ఆగి, నేల చూసి, "మా ఆవిడ పోయి ఏడాదైంది, ఇక్కడెవరికీ చెప్పలేదు," అన్నాడు. రోజూ గేటు దగ్గర కనపడే మనిషి. ఏడాదిపాటు ఆయనతో లారీ ఆలస్యం గురించి తప్ప ఇంకేం మాట్లాడలేదు నేను. తల దించేసుకున్నాను. మా గదిలో పదహారుమంది ఉన్నారు, వాళ్ల గురించి మాత్రం నాకేం తెలుసు? ఆ నిమిషంలో ఆ ట్రైనింగ్‌ని నిజంగా నమ్మాను. ఎవరూ బలవంతాన నమ్మించలేదు.

తిరిగొచ్చాక మేనేజరు మళ్లీ పిలిచింది.

"ఒక్కొక్కరితో విడిగా కూర్చో అక్కా. తలా పావుగంట. ఒంట్లో ఎలా ఉంది, ఇంట్లో ఎలా ఉంది, ఏ పని కష్టంగా ఉంది. అన్నీ అడిగి రాసి నాకివ్వు. దాన్నిబట్టి కుర్చీలు మార్చడం, పనులు సర్దడం చూద్దాం."

"నిజంగా చేస్తారా? ఊరికే మమ్మల్ని ఆశపెట్టి..."

"నేనెప్పుడైనా నీతో అబద్ధం ఆడానా అక్కా?"

లేదు. అప్పటిదాకా ఆడలేదు.

బట్టల మూటలు పెట్టే చిన్న గదిలో రెండు కుర్చీలు పక్కపక్కన వేసి మొదలుపెట్టాను. మొదటగా రేడియోని పిలిచాను. పొద్దున మిషన్ ఎక్కినప్పటినుంచి దిగేదాకా ఆపకుండా మాట్లాడుతుంది కాబట్టి ఆ పిల్లకి ఆ పేరు. నేను మెత్తగా "కూర్చోమ్మా" అనేసరికి హడలిపోయింది.

"ఏమైందక్కా? గొంతు పోయిందా? డాక్టరు మాట్లాడొద్దన్నాడా?"

"నోరు మూసుకుని కూర్చో," అన్నాను. అప్పుడు కుదుటపడి కూర్చుంది.

పది నిమిషాలు జోకులేసింది. నేను ఆగాను. నవ్వడం అయిపోయాక కుడిచెయ్యి నా ముందు చాపింది. మధ్యాహ్నం దాటితే మూడు వేళ్లు చచ్చుబడిపోతున్నాయట. కత్తెర జారి పడిపోకుండా మణికట్టుకి రిబ్బను కట్టుకుంటోందట. నేను ఆ రిబ్బను చూసి ఎన్నిసార్లు సోకులని వెక్కిరించానో! "ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదే?" అంటే, "నువ్వు అడగలేదు కదక్కా," అంది.

మూలలో ఇస్త్రీ చేసే తాతయ్యకి ఎడమచెవి పూర్తిగా పోయిందట, కుడిది పోతోందట. ఆవిరి వదిలేముందు గంట మోగితే పక్కవాళ్ల కదలిక చూసి తెలుసుకుంటున్నాడట. ఒకామె మోకాలు, ఒకామె గర్భం, ఒకామెకి పొద్దున బిడ్డని దింపి వచ్చేసరికి రోజూ పది నిమిషాలు ఆలస్యం. అందరూ చెప్పారు. తలుపు తీసుకుని బయటికెళ్లేటప్పుడు ప్రతివాళ్ల మొహం తేలికపడి ఉండేది. గదిలో నవ్వులు ఎక్కువయ్యాయి. సంతోషం పట్టలేక ఇంటికెళ్లి మా ఆయనతో, ఇన్నేళ్లకి నాకు పని చేతనైందని చెప్పుకున్నాను.

రాయడానికి చేతికి దొరికింది మా పసుప్పచ్చ చీటీల కట్ట. దాని మీదే రాశాను, మా పద్ధతిలోనే రెండు వరుసలు. పైన: "ఆరో మిషన్. కుడిచెయ్యి మూడు వేళ్లు తిమ్మిరి." కింద: "కత్తెర పని తప్పించి బల్ల దగ్గర చూసే పని ఇవ్వాలి." పైన: "ఇస్త్రీ. చెవులు వినపడవు." కింద: "గంటతోపాటు ఎర్ర దీపం పెడితే చాలు." అలా ప్రతి చీటీకీ కింద వరుస ఆలోచించి, కొట్టేసి, మళ్లీ రాసి తయారుచేశాను. పైవరుస రాయడానికి నిమిషం పడితే కిందవరుసకి గంట పట్టేది.

వదిన వంతు ఆఖర్న వచ్చింది.

మొదట అన్నయ్య గురించి చెప్పింది. గోడ పట్టుకుని వంటింటిదాకా వస్తున్నాడట, కూరలో ఉప్పు చాల్లేదని సణుగుతున్నాడట.

"సణుగుతున్నాడా? అయితే కోలుకున్నట్టే," అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత ఆవిడ ఆగిపోయింది. నేనూ ఆగాను. చాలాసేపు ఆగాను.

"వదినా, నా కుడికన్ను పోతోంది," అంది. "మధ్యలో మచ్చ పడినట్టుంది. చుట్టూ కనపడుతుంది, చూడాలనుకున్న చోటే కనపడదు. ఎనిమిది నెలలైంది. ఇప్పుడు రెండోది కూడా మసకేస్తోంది."

"మరి కుట్టడం?"

"వేలితో తడుముకుని కుడతాను. సూది ఎక్కడుందో చప్పుడుని బట్టి తెలుస్తుంది. ఇంతవరకూ నా గుడ్డ ఒక్కటీ వెనక్కి రాలేదు కదా?"

రాలేదు. ఒక్కటీ రాలేదు.

"అన్నయ్యకి తెలుసా?"

"చెప్పలేదు. ఇప్పుడిప్పుడే లేచి నిలబడుతున్నారు. ఇది వింటే మళ్లీ మంచం ఎక్కుతారు." నా ఒళ్లో ఉన్న చీటీల కట్ట వైపు మొహం తిప్పింది. "ఇది రాయకు వదినా. ఎవరో ఒకరితో అనకపోతే ఊపిరాడట్లేదని నీతో అన్నాను, అంతే. ఇది మన ఇద్దరి మధ్యే ఉండనీ."

"సరే, రాయను," అన్నాను. చెయ్యి కూడా పట్టుకున్నాను.

ఆవిడ వెళ్లాక అక్కడే కూర్చున్నాను. కంపెనీ డాక్టరు నెలకి రెండుసార్లు వస్తాడు. మంచి దీపం ఒకటి పెట్టించవచ్చు. సన్నటి అల్లిక పని మాని తువ్వాళ్ల అంచులు కుడితే కంటికి శ్రమ ఉండదు. ఇవన్నీ చిటికెలో జరిగే పనులు, ఎవరికో ఒకరికి తెలిస్తే. ఎవరికీ తెలియకుండా ఇలాగే లాక్కొస్తే ఒకరోజు వేలు సూది కింద పడుతుంది, ఆ రోజు ఎవరూ ఏమీ చేయలేరు. నా బుర్ర పనిచేసేది అలాగే. పదిహేడేళ్లు చిరుగులు చూసిన బుర్ర. చెడినదాన్ని రాయడమంటే బాగుచేయడమే అని నాకు లెక్క. ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి: ఆవిడకేది మంచిదో ఆవిడకన్నా నాకే ఎక్కువ తెలుసనుకున్నాను. కలం తీసుకుని రాశాను. "మూడో మిషన్. కుడికన్ను చూపు పోయింది, ఎడమది మసక." కింద: "కంటి డాక్టరుకి చూపించాలి. దీపం. తువ్వాళ్ల పని."

పదహారు చీటీలు కట్టకట్టి మేనేజరు చేతిలో పెట్టాను. ఒక్కొక్కటీ తిప్పి చదివింది. "ఎంత బాగా రాశావక్కా, నాకైతే ఒక్కరూ నోరు విప్పేవాళ్లు కాదు," అంది. నేను పొంగిపోయాను. నిజంగానే పొంగిపోయాను, ఇప్పుడు తల్చుకుంటే నన్ను నేనే చెంప పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

మూడు వారాలు గడిచాయి. దీపం రాలేదు, కుర్చీ రాలేదు. అడిగినప్పుడల్లా "పైన చూస్తున్నారక్కా," అనేది. నాలుగో వారం, మధ్యాహ్నం టీ వేళకి రమ్మని పిలిచింది. తలుపు తనే వేసింది. బల్ల మీద ఆరు తెల్ల కవర్లు, పక్కన టైపు చేసిన కాగితం ఒకటి ఉన్నాయి.

"ఆరుగుర్ని తీసేయమని ఆర్డరు వచ్చిందక్కా. ఈ వారమే."

కాగితం లాక్కుని చూశాను. ఆరు వరుసలు. "ఆరో మిషన్, కుడిచెయ్యి తిమ్మిరి. ఇస్త్రీ, వినికిడి లేదు. మూడో మిషన్, చూపు లేదు." అన్నీ నా మాటలే. కిందవరుస ఒక్కటీ లేదు. గంటలు గంటలు కూర్చుని రాసిన కిందవరుసలు ఎవరూ టైపు కూడా చేయలేదు.

గోడకి ఆనుకున్నాను. అరుద్దామంటే గొంతు రాలేదు. నేను, టపాకాయని, గుసగుసగా అడిగాను.

"నీకెప్పటినుంచి తెలుసు?"

మేనేజరు కవర్లు సర్దింది.

"నిన్నే అడుగుతున్నాను. ఆర్డరు ఎప్పుడొచ్చింది?"

"ట్రైనింగ్‌కి ముందే."

"అంటే నన్ను వినమని పంపినప్పుడు... కుర్చీలు మారుద్దామన్నప్పుడు..."

"తెలుసు."

"మరి నాతో ఎందుకు చెప్పలేదే?"

"చెప్తే రాసేదానివా?"

ఎంత మామూలుగా అందో ఆ మాట! కోపం లేదు, సిగ్గూ లేదు. లెక్క అడిగితే లెక్క చెప్పినట్టు చెప్పింది. ఆరేళ్లు పక్కన కూర్చుని కుట్టిన మనిషి. అంచు వంకరపోతే నా వైపు తోసి "అక్కా, నువ్వు సరిచెయ్యి" అనే మనిషి. ముక్కూమొహం తెలియనివాడెవడైనా నన్ను ఇలా వాడుకుని ఉంటే బూతులు తిట్టి వచ్చేదాన్ని. ఈవిడని ఏమని తిట్టను?

"ఆరుగుర్ని తీయకపోతే గది మొత్తం మూసేస్తారు," అంది. "ఎవరో ఆరుగురు పోవాలి. కళ్లు మూసుకుని చీట్లు తీయమంటావా? పని చేయలేనివాళ్లని తీయడమే న్యాయం కదా."

"చేయలేనివాళ్లా? వదిన కుట్టిన గుడ్డ ఒక్కటి వెనక్కి వచ్చిందేమో చూపించు! తాతయ్య మాడ్చిన ఏప్రాన్ ఒక్కటి చూపించు! నేను రాయకపోతే నీకసలు తెలిసేదా?"

"తెలిసేది కాదు. అందుకే నిన్ను రాయమన్నాను."

గొంతు అప్పుడొచ్చింది. ఏమేం అన్నానో నాకే గుర్తులేదు. పాముని పెంచానన్నాను, నమ్మించి గొంతు కోశావన్నాను. నన్ను కూడా తీసెయ్యమన్నాను. "నువ్వు పోతే ఏడుగురవుతారు, ఆరుగురు తగ్గరు," అంది. తర్వాత నా దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, పాత రోజుల్లోలాగా నా భుజం మీద చెయ్యి వేసింది.

"అక్కా, ఒక్క పేరు మార్చే వీలు నాకుంది. నీ కోసం చేస్తాను. మీ వదిన పేరు కొట్టేస్తాను. ఆవిడ బదులు ఎవరో ఒకరిని చెప్పు."

అబద్ధం ఎందుకు, ఒక పేరు నా నోటిదాకా వచ్చింది. పదో మిషన్ ఆవిడ. మొగుడు మంచి ఉద్యోగం చేస్తున్నాడు, రెండు పూటలా తిండికి ఇబ్బంది లేదు. పెదవులు విప్పాను కూడా. అన్నయ్య గోడ పట్టుకుని నిలబడడం కళ్ల ముందు కదిలింది. అంతలోనే ఆ పేరు మింగేశాను.

"ఇంకో చీటీ రాయమంటున్నావా?" అన్నాను. భుజం మీద చెయ్యి తీసేశాను.

ఆవిడ తిరిగి కుర్చీలో కూర్చుని ఒక కాగితం నా వైపు జరిపింది. కష్టమైన కబురు ఎలా చెప్పాలో అందులో వరుసగా రాసి ఉంది. ముందు కృతజ్ఞత చెప్పాలి, తర్వాత నిర్ణయం కంపెనీదని చెప్పాలి, కారణాల్లోకి వెళ్లకూడదు. "కవర్లు నువ్వే ఇవ్వు. నీ నోటితో వింటే తట్టుకుంటారు, వాళ్లు నమ్మేది నిన్నే. చీటీల సంగతి మాత్రం ఎత్తకు. నీ మంచికే చెప్తున్నాను. వాళ్లకెలాగూ తెలియదు."

కవర్లు తీసుకున్నాను. ఆ కాగితం అక్కడే వదిలేశాను.

సాయంత్రం పని దిగడానికి పావుగంట ఉందనగా మా గది మెయిన్ స్విచ్ కట్టేశాను. పద్నాలుగు మిషన్లూ ఒక్కసారి ఆగాయి. అందరూ తలెత్తి చూశారు. "ఏమక్కా, కరెంటు బిల్లు కట్టలేదా?" అంది రేడియో. ఒకరిద్దరు నవ్వారు.

ఏం చెప్పాలో ముందుగా అనుకోలేదు. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆరుగుర్ని తీసేస్తున్నారు. ఆ ఆరుగురు ఎవరో నేను మీ దగ్గర విని రాసిన చీటీలు చూసి తేల్చారు. బాగుచేస్తారని నమ్మి రాశాను. ఆర్డరు ముందే వచ్చిందని నాకు తెలియదు, నన్ను మోసం చేశారు. కానీ చీటీలు రాసింది నేనే, ఆ చేతిరాత నాదే. ఈ సంగతి మీకు చెప్పొద్దన్నారు, చెప్తున్నాను. అంతే. పేర్లు పిలిచి కవర్లు ఇచ్చాను.

ఎవరూ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది, అరుపులకి నేను అలవాటుపడ్డ మనిషిని. రేడియో కవరు తిప్పి తిప్పి చూసింది. ఆ పిల్ల నోట మాట లేకుండా ఉండడం అదే మొదటిసారి చూశాను. చాలాసేపటికి, "నా చెయ్యి సంగతి మా అమ్మకి కూడా చెప్పలేదక్కా, నీకే చెప్పాను," అంది.

తాతయ్యకి వినపడలేదు. మూలనుంచి దగ్గరికొచ్చి, "ఏమంటోంది? ఏమంటోంది?" అని పక్కామెని అడుగుతున్నాడు. ఆమె ఆయన కుడిచెవిలో గట్టిగా చెప్పాల్సి వచ్చింది. "నీకు చెవులు వినపడవని రాశారట తాతా! అందుకని తీసేశారట!"

"ఎవరు రాశారు?"

ఆమె నా వైపు చూసింది. ఆయనా చూశాడు.

"నువ్వా?" అన్నాడు.

"నేనే," అన్నాను. వినపడలేదేమోనని మళ్లీ గట్టిగా అన్నాను. గదంతా మోగింది ఆ మాట.

ఒక్కొక్కళ్లే సంచులు తీసుకుని వెళ్లిపోయారు. ఉద్యోగం ఉన్నవాళ్లు కూడా నా వైపు చూడకుండా, గోడవారగా నడిచి వెళ్లారు. వదిన ఒక్కతే మిగిలింది. మిషన్ మీద గుడ్డ కప్పింది, దారం కండెలు డబ్బాలో సర్దింది. కవరు విప్పలేదు. దాన్ని సంచిలో పెట్టుకుని నా దగ్గరికి వచ్చింది. నా మొహం కనపడడానికి తల కొంచెం పక్కకి తిప్పింది.

"ఒక్క సంగతి చెప్పు వదినా. ఆ రోజు నేను చెప్తుండగానే రాసేశావా? వద్దన్నాక రాశావా? నీ దగ్గర కలం ఉందని తెలుసు. అది కదిలిందో లేదో నాకు కనపడలేదు."

అబద్ధానికి అంతకన్నా సులువైన దారి ఇంకెవరిస్తారు? నువ్వు చెప్తుండగానే రాసేశాను, తర్వాత చింపడం మర్చిపోయాను అంటే సరిపోయేది. ఆవిడ నమ్మేది. నమ్మాలనే అలా అడిగిందేమో కూడా.

"వద్దన్నాక," అన్నాను. "నువ్వు లేచి వెళ్లిపోయాక."

తల ఊపింది. సంచి ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుంది.

"కన్ను సంగతి మీ అన్నయ్యకి ఇక చెప్పక తప్పదు. ఆయనతో మాత్రం నేను వద్దనకముందే రాసేశావని చెప్తాను," అంది. "ఆయన అడిగితే నువ్వూ అదే చెప్పు."